కలపడం కల్తీ కాదు

చోడవరం చుట్టుపక్కల తాగేవాళ్లకు ‘కలిపిన సరుకు’ అంటేనే అనుమానం. కల్లులో ఏదో కలిపారని, సారాలో ఇంకేదో కలిపారని విని విని ఉన్న ఊళ్లు ఇవి. అలాంటిచోట ‘ఇది రెండు మూడు రకాల ద్రాక్షలతో కలిపి చేసిన మేలురకం రెడ్ వైన్’ అని సీసా చూపిస్తే, ‘కలిపినదానికి అంత రేటా?’ అనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే లోకంలో పేరుమోసిన రెడ్ వైన్లలో చాలావాటిని అలా కలిపే చేస్తారు. చేసేవాడి పనితనం తేలేది అక్కడే.

చెరకు రైతుకు ఈ సంగతి తిరగేసి చెబితే తొందరగా తెలుస్తుంది. చక్కెర ఫ్యాక్టరీకి ఎవరి బండి ముందు వెళ్లినా, ఎవరి పొలం చెరకైనా, గానుగాడాక రసమంతా ఒకటే. చివరికి వచ్చే పంచదారలో మన పొలం ఆనవాలు ఉండదు, ఉండక్కర్లేదు కూడా. మంచి వైన్ తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఏ మడి కాయను ఆ మడికే విడిగా కోస్తారు, విడిగా పులియబెడతారు, విడిగా పీపాల్లో ఉంచుతారు. నెలలు గడిచాక ఒక్కో పీపానూ రుచి చూసి, అప్పుడు కలుపుతారు. కొన్ని పీపాలు ఆ కలయికకు పనికిరాక తక్కువ ధర సీసాల్లోకి పోతాయి. పై రకానికి ధర పెరగడానికి ఒక కారణం ఈ ఏరివేతే.

ఈ విద్యలో అందరికన్నా పేరు ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానిది. అక్కడ కలపడం మొదట రుచి కోసమే కాదు, పంట భయంతో కూడా. సముద్రం దగ్గరి నేల, ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. మెర్లో రకం ముందుగా చిగురిస్తుంది, ముందుగా పండుతుంది. వసంతంలో మంచు పడితే దెబ్బ తినేది అదే. కాబర్నే సావిన్యాన్ ఆలస్యంగా పండుతుంది. కోతల ముందు వానలు ముంచుకొస్తే దానికి కష్టం. గులకరాళ్ల నేలలో ఒకటి, బంకమట్టిలో ఒకటి వేసుకుంటే ఏదో ఒకటి చేతికొస్తుంది. మన మెట్టరైతు ఒకే చేలో రెండు మూడు పంటలు వేసుకోవడం వెనక ఉన్న జాగ్రత్తే ఇది.

రుచిలోనూ ఆ రెండింటికీ జత కుదిరింది. కాబర్నే పండు చిన్నది, తొక్క మందం, అందుకే రంగూ వగరూ ఎక్కువ. నాలుక మీద పడగానే గట్టిగా తగులుతుంది, చివర్లో చాలాసేపు నిలుస్తుంది, నడుమ మాత్రం కాస్త బోలుగా అనిపిస్తుంది. మెత్తగా, కండగా ఉండే మెర్లో ఆ నడిమి ఖాళీని నింపుతుంది. వాసన కోసం కాబర్నే ఫ్రాంక్ కొంత, రంగుకూ కాటుకూ పెటీ వెర్దో ఏ రెండు మూడు శాతమో చేరతాయి. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో కరోల్ మెరెడిత్, జాన్ బవర్స్ జన్యుపరీక్ష చేసి చూస్తే, ఈ గంభీరమైన కాబర్నే సావిన్యాన్ కూడా ఎర్రద్రాక్ష కాబర్నే ఫ్రాంక్‌కూ, తెల్లద్రాక్ష సావిన్యాన్ బ్లాంక్‌కూ పుట్టిన సంకరమే అని తేలింది. అంటే కలయిక తోటలోనే మొదలైందన్నమాట.

కలిపే పని బయటికి చాలా సాదాగా కనిపిస్తుంది. బల్ల మీద నమూనా సీసాలు, ఒక కొలతగొట్టం, వరసగా గ్లాసులు, ఉమ్మడానికి ఒక పాత్ర, ఒక నోట్‌బుక్కు. కాబర్నే అరవై మిల్లీలీటర్లు, షిరాజ్ అనే మరో ఎర్రద్రాక్షది ముప్ఫై, ఇంకొకటి పది. తిప్పి, వాసన చూసి, పుక్కిలించి ఉమ్మేసి, రాసుకోవాలి. తర్వాత షిరాజ్ రెండు మిల్లీలీటర్లు తగ్గించి మళ్లీ చూడాలి. ఇక్కడ కూడికల లెక్క పనిచేయదు. విడివిడిగా గొప్పగా ఉన్న రెండు వైన్లు కలిశాక చప్పబడొచ్చు. విడిగా మొరటుగా ఉన్న పీపా ఒకటి ఐదు శాతం పడగానే మొత్తానికి ప్రాణం రావచ్చు. నాలుక అలిసిపోకముందే, ఉదయం పూట చాలామంది ఈ పని పెట్టుకుంటారు. కలిపాక వెంటనే సీసాలకెక్కించరు, అన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడేదాకా ఆగుతారు. ఓక్ పీపా కూడా ఇందులో ఒక పాలు. బోర్డో పీపా 225 లీటర్లు పడుతుంది. చెక్క గుండా కొద్దికొద్దిగా గాలి చేరి వగరును మెత్తబరుస్తుంది, చెక్క నుంచి వనిల్లా, లవంగం లాంటి వాసనలు దిగుతాయి.

ఇటలీలో ఈ కలయిక మీద పెద్ద పేచీయే నడిచింది. కియాంటీ ప్రాంతపు పాత నియమం ప్రకారం ఎర్ర వైన్‌లో తెల్లద్రాక్ష కొంత కలపాల్సిందే. అంటినోరీ కుటుంబం 1970లలో తమ తిన్యనెల్లో వైన్‌లో ఆ తెల్లద్రాక్షను మానేసి, స్థానిక సాంజొవేసేకు ఫ్రెంచి కాబర్నేను జతచేసింది. నియమం తప్పినందుకు దాన్ని మామూలు ‘టేబుల్ వైన్’ కిందే అమ్ముకోవాల్సి వచ్చింది. కొనేవాళ్లు మాత్రం పేరున్న వైన్లను మించిన ధర పెట్టి కొన్నారు.

ఆ సాంజొవేసే, కాబర్నేల జోడీ మన దేశంలోనూ ఉంది. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర ఫ్రాతెల్లీ సంస్థ చేసే ‘సెత్తే’ అదే. టస్కనీ నుంచి వచ్చిన పియెరో మాసీ దాని రూపకర్త. బెంగళూరు పక్కన నందికొండల దగ్గర గ్రోవర్ వాళ్ల ‘లా రిజర్వ్’లో కాబర్నే, షిరాజ్ కలుస్తాయి. బోర్డో నుంచి మిషెల్ రోలాన్ సలహాదారుగా వచ్చారు. తెలుగువాళ్లూ ఈ దారిలో ఉన్నారు. హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ ఇండియా మందుల కంపెనీ పెట్టిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కర్ణాటకలో హంపి కొండల దగ్గర తోట వేసి, ఇద్దరి పేర్లూ కలిపి క్రిస్మా ఎస్టేట్స్ అని పేరు పెట్టారు.

తెలుగువాళ్లు తోట పెట్టడానికి హంపిదాకా ఎందుకు పోవాలి? చోడవరం గాలిలో తేమ ఎక్కువ, వైన్ ద్రాక్షకు బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. దానికి పొడి గాలి, చల్లటి రాత్రులు కావాలి. మన దేశంలో ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు తగ్గే సెప్టెంబరు అక్టోబరుల్లో ఒకసారి తీగ కత్తిరించి, జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు విరగకాసిన అనాబ్-ఎ-షాహీ తినే ద్రాక్ష. కండ ఎక్కువ, తొక్కకు ఎర్రరంగు ఉండదు. ఎర్ర వైన్‌కు రంగు వచ్చేది తొక్క నుంచే కాబట్టి అది ఈ పనికి రాదు.

ఇక తాగే సంగతి. రెడ్ వైన్ గది చల్లదనంలో తాగాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాట రాసింది చలిదేశపు ఇళ్లను చూసి. రెడ్ వైన్‌కు కావాల్సింది పదహారు నుంచి పద్దెనిమిది డిగ్రీలు. మే నెలలో మన గది ముప్ఫై ఐదుంటే ఆ వైన్‌లో సారా ఘాటు తప్ప ఏమీ తెలియదు. సీసాను ఆ చల్లదనం వచ్చేదాకా ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ఐసు ముక్కలు, సోడా వద్దు. అన్ని నెలలు పీపాల్లో ఉంచి, గొట్టంతో కొలిచి కుదిర్చినదాన్ని ఒక్క నిమిషంలో చెడగొట్టుకోవడమే అది. కొనేటప్పుడు కూడా ఎండ తగిలే అద్దాల అరలో నిలబెట్టిన సీసా అయితే వదిలేయండి. ‘ప్రీమియం’ అనే అచ్చుకన్నా ద్రాక్ష రకాల పేర్లు, పంట ఏడాది, తోట ఉన్న ఊరు రాసి ఉన్నాయో లేదో చూడటం మేలు.

కాస్త లేత వైన్ అయితే శుభ్రమైన గాజు జగ్గులోకి వంచి అరగంట ఉంచితే వగరు సర్దుకుంటుంది. మూతి సన్నగా, పొట్ట వెడల్పుగా ఉన్న గ్లాసులో మూడోవంతే పోయాలి. మిగతా ఖాళీ వాసన నిలవడానికి. మెల్లగా తిప్పి ముక్కు దగ్గర పెడితే ముందు పండు వాసన వస్తుంది. నాకైతే మంచి కాబర్నేలో మన నేరేడుపండే తగులుతుంది. మొదటి గుక్కను తీర్పుగా తీసుకోకండి. నోరు దానికి అలవాటు పడ్డాక రెండో గుక్కలో అసలు సంగతి బయటపడుతుంది.

నంజుకునేవాటి దగ్గరే మనవాళ్లకు చిక్కు. కారం, ఆల్కహాల్, వగరు మూడూ కలిస్తే నోరు మండిపోతుంది. ఆవకాయ పక్కన ఏ వైనూ నిలవదు. చింతపండు పులుసు పెట్టిన చేప అంతకన్నా అధ్వాన్నం, వైన్‌లోని ఇనుము చేపకొవ్వుతో చేరి నీచువాసన లేపుతుంది. అరిసె, పాలకోవా తిని తాగితే వైన్ చేదెక్కుతుంది. కొవ్వు, ఉప్పు, మాంసం మాత్రం దానికి చుట్టాలు. కారం తగ్గించి మిరియాలు వేసిన మటన్ వేపుడు, అరకు దారిలో దొరికే బొంగులో చికెన్ బాగా కుదురుతాయి. శాకాహారులకు నువ్వులు, వేరుశనగ దట్టించిన గుత్తివంకాయ ఉంది.

ఒక సీసా 750 మిల్లీలీటర్లు, అయిదు గ్లాసులు. ఆల్కహాల్ పదమూడు పద్నాలుగు శాతం ఉంటుంది, ద్రాక్షరసమే కదా అని తేలిగ్గా తీసుకునేది కాదు. గుండెకు మంచిదన్న ప్రచారాన్నీ నమ్మకండి. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి పూర్తి క్షేమం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. తాగని వాళ్లు దీనికోసం మొదలుపెట్టక్కర్లేదు. తాగేవాళ్లు మాత్రం నలుగురు కలిసినప్పుడు ఒక సీసా తెరిచి, భోజనంతో పాటు ఒక్కో గ్లాసు తీసుకోండి. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు బాగానే ఉంటుంది. మొదటిసారికి అన్నిటికన్నా ఖరీదైనది కొనొద్దు. ఒకే సంస్థవి ఒంటి రకం ఒకటి, కలిపినది ఒకటి తెచ్చి పక్కపక్కన పోసి చూడండి.