గుప్త జాడ – రంధ్రం: ఒక శాస్త్రవాక్యంపై పరిశీలన

కీలకపదాలు: పాలిమర్ పొర, అయాన్ వికిరణం, అతినీలలోహిత కాంతి, గుప్త జాడ, నానోరంధ్రం, పరిభాష.

1. ఉపోద్ఘాతం:
“అయాన్ వికిరణానికి గురైన పాలిమర్ పొరలో అతినీలలోహిత కాంతి నానోరంధ్రాలు చేస్తుంది” అని తెలుగులో సులభంగా చెప్పవచ్చు. వాక్యం సుబోధకమే. అయితే అందులో కర్తకూ క్రియకూ పొంతన లేదు. ఏ పని ఎవరు చేస్తున్నారన్నదే ఈ ప్రక్రియలో కీలకం. ఆ వాక్యాన్ని విడదీసి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. గుప్త జాడ:
అతివేగంగా పయనించే భారీ అయాన్ పలుచని పొరను దాటుతూ దారిపొడవునా తన శక్తిని వదులుతుంది. ఆ దారి చుట్టూ కొన్ని నానోమీటర్ల మేర అణుశృంఖలాలు తెగుతాయి. పొర మాత్రం చిల్లుపడదు. దీనిని ఆంగ్లంలో ‘లేటెంట్ ట్రాక్’ అంటారు. భౌతికశాస్త్రంలో ‘గుప్తోష్ణం’ ఇదివరకే స్థిరపడింది కనుక ‘గుప్త జాడ’ అనడం సముచితం. ఈ దశలోనే ‘రంధ్రం’ అంటే జరగనిదాన్ని జరిగినట్లు చెప్పడమే అవుతుంది.

3. కాంతి చేసే పని:
ప్రసిద్ధ పద్ధతిలో ఈ పొరను కాస్టిక్ సోడా వంటి క్షారద్రావణంలో ఉంచుతారు. దెబ్బతిన్న భాగం మిగిలినదానికంటే త్వరగా కరిగి రంధ్రమవుతుంది. అంటే తొలిచేది క్షారం. ముందుగా అతినీలలోహిత కాంతి సోకితే కరిగే వేగాల్లోని ఆ తేడా పెరుగుతుంది. 1968లో ‘నేచర్’ పత్రికలో క్రాఫర్డ్, డిసోర్బో, హంఫ్రీ దీనికి కాంతి వల్ల జరిగే ఆక్సీకరణమే కారణమన్నారు. కాంతి మితిమీరితే అయాన్ తాకని భాగం కూడా క్షీణిస్తుంది, తేడా తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ ‘తొలుస్తుంది’ కంటే ‘కరగడానికి అనువుగా మారుస్తుంది’ అన్న క్రియే సరైనది.

4. ప్రత్యక్షమా, అనుమితా?:
దీనికొక ఆక్షేపణ ఉంది. 2018లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో చైనా పరిశోధకులు ప్రకటించిన పద్ధతిలో క్షారంతో కరిగించడం లేదు. అయాన్ వికిరణం తరువాత అతినీలలోహిత కాంతితోనే పాలిథిలీన్ టెరిఫ్తలేట్ పొరలో సుమారు 0.5 నానోమీటరు వ్యాసార్ధం గల మార్గాలను సాధించారు. ఇక్కడ కాంతి పాత్ర ప్రధానమే. అయినా అది అయాన్ జాడ వెంటనే పనిచేస్తుంది. జాడ లేనిచోట దారి లేదు.

పైగా ఇంతటి సూక్ష్మమార్గం కంటికి కనిపించే చిల్లు వంటిది కాదు. ఏ అయాన్ దాటింది, ఏది ఆగిందన్న కొలతలే దాని ఉనికికి ప్రధాన ఆధారం. తర్కపరిభాషలో అది ప్రత్యక్షం కాదు, అనుమితి. దాని గోడలపై కార్బాక్సిల్ సమూహాల ఋణావేశం ఉంటుంది. పొటాషియం అయాన్లు త్వరగా దాటుతాయి. మెగ్నీషియం అయాన్లు బాగా వెనుకబడతాయి. ‘రంధ్రం’ అన్న మాట పరిమాణాన్ని మాత్రమే స్ఫురింపజేసి, ఆవేశం పాత్రను మరుగుపరుస్తుంది. ఆ మాటతోనే చదివిన విద్యార్థి ఈ పొరను ఒక చిన్న జల్లెడగా భావిస్తాడు.

5. ముగింపు:
అయాన్ మిగిల్చేది గుప్త జాడ, క్షారం తొలిచేది రంధ్రం, కాంతి తెరిచేది అయాన్ మార్గం. మూడు స్థితులకు మూడు మాటలు తెలుగులో ఉన్నాయి. వాటిని ఒకే పదంలోకి కుదిస్తే వాక్యం సులభమవుతుంది గాని శాస్త్రం తప్పుతుంది. శాస్త్రరచనలో సరళత అవసరమే. అది కర్తను మార్చేంతవరకు వెళ్లరాదు.