సరళీ నుంచి వర్ణం దాకా: సంగీత కళాశాల విద్యార్థి దినచర్య

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. స్థాపించినవారు మహారాజా విజయరామ గజపతిరాజు. తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరుదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ విని, దాసుగారు ఆయన్ని ఏకంగా ఆచార్యుణ్ణి చేశారని చెబుతారు. ఘంటసాల మధుకరంతో కడుపు నింపుకుంటూ చదివిందీ, పి. సుశీల సంగీతం నేర్చుకున్నదీ ఈ ఊళ్లోనే.

పేర్లు పెద్దవే. అయినా కొత్తగా చేరిన పిల్లకి ముందు దక్కేది పాట కాదు, సరళీ స్వరాలు.

తెల్లవారగానే శ్రుతి పెట్టుకోవాలి. ఒకప్పుడు తంబురా, ఇప్పుడు చాలా ఇళ్లలో శ్రుతి పెట్టె, లేదంటే ఫోనులో యాప్. ఆధార షడ్జంలో గొంతు నిలిచాక మాయామాళవగౌళ అందుకుంటారు. 15వ మేళకర్త అయిన ఈ రాగంతోనే పాఠం మొదలుపెట్టే పద్ధతిని పురందరదాసు ఏర్పరచారని సంప్రదాయం. అందులో ఒడుపుంది. స-రి, గ-మ జంటలు దగ్గరగా ఉంటాయి, రి-గ మధ్య దూరం ఎక్కువ. పై సగంలోనూ అచ్చం అంతే: ప-ద, ని-స జంటలు దగ్గర, ద-ని మధ్య దూరం ఎక్కువ. కింద సగం గొంతుకి పట్టుబడితే పై సగానికి దారి తెలిసినట్టే.

చేత్తో ఆదితాళం: ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు. మొత్తం 8 అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చేతి వేగం మారదు. మారేది గొంతు వేగమే. మూడో కాలంలో స్వరాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయంటే మొదటి కాలం సరిగా కుదరలేదని అర్థం. గురువు మళ్లీ మొదటికే పంపుతారు.

సరళీ కుదిరాక జంట స్వరాలు, వాటి తర్వాత అలంకారాలు. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాలు ఏడూ ఇక్కడే చేతికొస్తాయి. ఆ తర్వాతే గీతం, స్వరజతి, వర్ణం. వర్ణాన్ని రెండు కాలాల్లో నిలకడగా పాడగలిగినవాడికి రాగం నడక, గమకం, తాళం మూడూ ఒకేచోట వశమవుతాయి. కచేరీని వర్ణంతో మొదలుపెట్టడం అందుకే.

వయొలిన్ తరగతిలో పిల్లలు నేలమీద కూర్చుని, వాయిద్యం కొసను కుడిపాదం దగ్గర ఆనిస్తారు. తీగలను స-ప-స-పగా శ్రుతి చేస్తారు. బరువు పాదం మోస్తుంది కాబట్టి ఎడమచెయ్యి తీగమీద అటూ ఇటూ జారడానికి వీలవుతుంది. ఆ జారుడు లేకపోతే గమకం పలకదు.

మధ్యాహ్నాలు శాస్త్రం: 72 మేళకర్తలు, 35 తాళాలు, రాగలక్షణాలు. పరీక్షలో వీటికీ మార్కులుంటాయి. తోడి లక్షణం రాసి చూపించడం తేలికే, గాంధారాన్ని తోడిలా పలికించడానికే ఏళ్లు పడుతుంది. తరగతిలో విన్నది ఇంట్లో వందసార్లు పాడితేగాని ఆ గాంధారం గొంతులోకి రాదు.

అందుకే పిల్లల్ని సంగీత కళాశాలలో చేర్చిన తల్లిదండ్రులు “కచేరీ ఎప్పుడు?” అని తొందరపడొద్దు. మూడో కాలంలో శ్రుతి నిలుస్తోందో లేదో రోజూ కాసేపు పక్కన కూర్చుని వినండి.