ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?

ఇంటర్ లెక్కల్లో రేకు పెట్టె లెక్క చేయకుండా బయటపడ్డవాళ్లు తక్కువ. 80 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రేకు. నాలుగు మూలలా ఒకే కొలతలో చదరాలు కోసేసి, పక్కలు పైకి మడిస్తే మూత లేని పెట్టె. ఎంత చదరం కోస్తే పెట్టెలో ఎక్కువ పడుతుంది?

జమ్మలమడుగులో డిగ్రీ చదివే మైలవరం పిల్లాడొకడు ఈ వారం ఆ లెక్కను ఫోన్లో వేసి పట్టుకొచ్చాడు. "సార్, 50 సెంటీమీటర్లు కోస్తే 70 వేల ఘన సెంటీమీటర్లు పడతాదని చూపిచ్చాంది" అన్నాడు. 30 సెంటీమీటర్ల రేకులో 50 సెంటీమీటర్ల చదరం! నాకు ఒళ్లు మండింది. గ్రాఫు గీయకుండా లెక్క ముట్టుకోవద్దని, అవకలనం చేత్తో రానివాడికి సాఫ్ట్‌వేర్ అందివ్వొద్దని ఈ కాలమ్‌లో ఎన్నేళ్లుగా పోరుతున్నానో మీకు తెలుసు. ఈ వారం కూడా అదే అందుకుందామనుకున్నాను.

అయితే ఆ 70 వేలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో ముందు చూడాలి కదా. 80లో రెండు వైపులా యాభయ్యేసి పోతే మిగిలేది మైనస్ 20. వెడల్పులో మిగిలేది మైనస్ 70. రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్ 1,400. దాన్ని ఎత్తు 50తో గుణిస్తే సరిగ్గా 70,000. లెక్కలో వీసమెత్తు తప్పు లేదు. సున్నా నుంచి 50 దాకా వెతకమని వీడు చెప్పాడు, అది వెతికింది. అదే జియోజిబ్రా అనే లెక్కల యాప్‌లో మాక్స్ కమాండ్‌కు సున్నా, 15 అని హద్దులిస్తే 6.67 దగ్గర ఆగి 7,407 చూపిస్తుంది. అంటే 7.4 లీటర్ల పెట్టె. హద్దులేవీ చెప్పకుండా మాథమెటికా అనే సాఫ్ట్‌వేర్‌లో మాక్సిమైజ్ అన్నామనుకోండి, జవాబు అనంతం.

ఇక మనం నెత్తిన పెట్టుకునే చేతి పద్ధతికి వద్దాం. అవకలజం సున్నా చేస్తే రెండు విలువలొస్తాయి: మూడింట ఇరవై, ముప్పై. రెండో అవకలజంలో వేసి చూస్తే మొదటిదానికి మైనస్ 280, రెండోదానికి ప్లస్ 280. మైనస్ వచ్చింది గరిష్ఠం. అడుగున గీత గీసి జవాబు రాస్తే మార్కులన్నీ పడతాయి. రేకు వెడల్పెంత, అందులో ఎంతదాకా కోయగలం అని ఒక్క క్షణం ఆలోచించకుండానే లెక్క పూర్తవుతుంది! కమాండ్ వాడిన పిల్లాడి అజ్ఞానం 70 వేలై తెరమీద కనబడింది. చేత్తో చేసినవాడి అజ్ఞానం నూటికి నూరు మార్కుల కింద దాక్కుంది.

చిన్నప్పుడు ప్రొద్దుటూరులో రేకు పని చేసే ఒకాయన అంగడి ముందు నిలబడి చూడటం నాకు ఇష్టంగా ఉండేది. ట్రే చేయమని ఎవరైనా రేకు ఇస్తే, కత్తెర పట్టకముందే ఆయన అడిగే మాట ఒకటుండేది: "అంచు మడతకు ఎంత ఇడ్సాల?" రేకు అంచు చేతిని కోయకుండా పైన సన్నగా లోపలికి మడవాలి, ఆ మేరకు ఎత్తు పోతుంది. నీళ్లు నిలవాలంటే మూలలు కోయనే కోయడు, మడిచి పక్కకు కొడతాడు. ఎంత ఇడవాలో తేలాకే మేకుతో గీత గీసేవాడు. మన పుస్తకాల్లో పెట్టెకు ఆ మడత లేదు, ఆ ప్రశ్నా లేదు.

గరిష్ఠం వెతికే పని మా మండలంలో ఇప్పుడు పగలంతా జరుగుతూనే ఉంది. మైలవరం దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. అక్కడి ప్యానెల్ ఒకటి తీసుకోండి. ప్యానెల్ తీగలు రెండూ కలిపేస్తే కరెంటు నిండుగా పారుతుంది, వోల్టేజీ సున్నా. తీగలు విప్పేస్తే వోల్టేజీ నిండుగా ఉంటుంది, కరెంటు సున్నా. రెండు చోట్లా పవర్ రాదు. ఎక్కువ పవర్ ఆ రెంటి మధ్యనే, మామూలుగా పూర్తి వోల్టేజీలో ఐదింట నాలుగు వంతుల దగ్గర ఎక్కడో ఉంటుంది. మబ్బు పట్టినా, ఎండ ముదిరినా ఆ చోటు జరుగుతుంది. ఇన్వర్టర్ వోల్టేజీని కాస్త జరిపి చూస్తుంది. పవర్ పెరిగితే అటే ఇంకొంచెం, తగ్గితే వెనక్కి. అవకలనం అనే పేరు ఎత్తకుండానే వాలు పట్టుకుంటుంది.

అయితే కొన్ని ప్యానెళ్ల మీద మాత్రమే నీడ పడితే పవర్ గ్రాఫులో ఒక శిఖరం కాస్తా రెండు మూడు అవుతుంది. అప్పుడీ పద్ధతి మంచులో ఎర్రమల కొండలు ఎక్కేవాడిలాగా దగ్గరి గుట్ట ఎక్కి అదే కొన అనుకుంటుంది. అందుకే కొన్ని ఇన్వర్టర్లు అప్పుడప్పుడూ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసుకుని వస్తాయి. మాథమెటికాలో ఫైండ్ మాక్సిమమ్ కమాండూ అంతే. రేకు లెక్కలో 5 దగ్గర మొదలుపెడితే 6.67కు చేరుతుంది. 40 దగ్గర మొదలుపెడితే కుడివైపు ఎక్కుతూనే పోతుంది, దానికి కొన దొరకదు.

కాబట్టి ఇన్నేళ్లూ నేను చెప్పిన వరస తిరగేస్తున్నాను. హద్దులడిగే కమాండే ముందు నేర్పండి. అది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని అడుగుతుంది, పుస్తకంలోని పద్ధతి అడగదు. కావాలని తప్పు హద్దులిచ్చి ఆ 70 వేలు రానివ్వండి. మైనస్ 20 పొడవు, మైనస్ 70 వెడల్పు ఉన్న పెట్టె ఎలా ఉంటుందో పిల్లల్నే గీయమనండి. అవకలనం ఆ తరవాతి వారం మొదలుపెట్టొచ్చు. పరీక్ష పేపరు దిద్దేవాళ్లకు ఒక్క విన్నపం: హద్దు రాయని జవాబుకు, విలువ సరిగ్గా వచ్చినా సరే, ఒక మార్కు కోయండి.