ఒకే లినక్సులో రెండు తరములు

కొవ్వూరు, రాజమహేంద్రవరముల నడుమ గోదావరిపై 1974లో ప్రారంభమైన వంతెనకు రెండు అంతస్తులు కలవు. పైన రోడ్డు, క్రింద రైలుమార్గము. స్తంభములు ఉమ్మడి, దారులు వేరు. ఒకే లినక్సు యంత్రములో 32 బిట్ల పాత ప్రోగ్రాములు, 64 బిట్ల కొత్త ప్రోగ్రాములు కలసి నడచుటయు ఇట్టిదే. ఈ ఏర్పాటులోని గుణదోషములు పరిశీలింపదగినవి.

32 బిట్ల చిరునామాతో గుర్తింపగల మెమరీ స్థానములు 4,29,49,67,296 మాత్రమే. అనగా నాలుగు గిగాబైట్లు. ఈ హద్దు దాటుటకే 64 బిట్ల ప్రాసెసర్లు వచ్చినవి. 2003లో ఎ.ఎం.డి. సంస్థ విడుదల చేసిన ఆప్టెరాన్, కొత్త ఆజ్ఞలతోపాటు 1985 నాటి ఇంటెల్ 80386 ఆజ్ఞలను కూడ పాటింపగలదు. కావున చిక్కు ప్రాసెసరులో లేదు. పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొను లైబ్రరీలలో ఉన్నది. 64 బిట్ల ప్రోగ్రాము 32 బిట్ల లైబ్రరీని తనలో కలుపుకొనజాలదు. అందుచే ప్రతి లైబ్రరీకి రెండు ప్రతులు కావలెను. రెండింటి పేరు ఒక్కటే యగుటచే, ఒకే అరలో ఉంచినచో ఒకటి రెండవదానిని తుడిచివేయును.

రెడ్‌హ్యాట్ వంటి పంపిణీలు దీనికి 'లిబ్', 'లిబ్64' అను రెండు అరలు ఏర్పరచినవి. పద్ధతి సులభమే గాని, ఆర్మ్ వంటి మరియొక జాతి ప్రాసెసరు లైబ్రరీలను కూడ అదే యంత్రములో ఉంచవలసివచ్చినచో వాటికి చోటు లేదు. డెబియన్ 2013లో తన 7వ సంచికతో తెచ్చిన 'మల్టీఆర్చ్' పద్ధతిలో ప్రతి జాతికి దాని పూర్తి పేరుతో ఒక అర కలదు. ఎన్ని జాతులైనను ఇముడును. ఇదియే మేలైన పద్ధతి. అయితే ఒక లోపము కలదు. ఒకే లైబ్రరీ రెండు జాతుల ప్రతులు ఒకే సంచికకు చెందియుండవలెను. ఒకదాని తయారీ ఆలస్యమైనచో రెండవదియు ఆగవలసినదే.

ఈ విషయము తెలుగువారికి దూరమైనది కాదు. తెలుగు అచ్చుపనికి పేజ్‌మేకరు, అను ఫాంట్లు చిరకాలము ఆధారమైనవి. 2001లో వెలువడిన పేజ్‌మేకర్ 7.0 విండోసుకు చెందిన 32 బిట్ల ప్రోగ్రాము. అను ఫాంట్ల అక్షరసంకేతములు యూనికోడు కావు. అట్టి ఫైళ్ళను లినక్సులో 'వైన్' ద్వారా తెరువదలచినవారికి 32 బిట్ల లైబ్రరీలు అవసరమైనవి. ఇట్టి స్థితిలో 2019 జూనులో ఉబుంటు నిర్వాహకులు 32 బిట్ల ప్యాకేజీలను విడిచిపెట్టుదుమని ప్రకటించిరి. నిరసనలు రాగా కొద్ది దినములలోనే, ఎంపిక చేసినవానిని కొనసాగింతుమనిరి. ఆధారపడినవారిని లెక్కింపక పూర్వమే తీర్మానించుట ఇందలి పొరపాటు. 1900 నాటి హేవలాకు వంతెన 1997 వరకు రైళ్ళను మోసినది. దానికి బదులుగా కమానుల వంతెనను నిర్మించిన పిమ్మటనే దానికి విశ్రాంతి లభించినది. 32 బిట్ల లినక్సు లైబ్రరీలు లేకుండ పాత విండోసు ప్రోగ్రాములను నడపు మార్గము వైన్ 9.0తో 2024లో గాని రూపొందలేదు.

పాతదానిని ఎల్లకాలము మోయుటయు సాధ్యము కాదు. 1970 జనవరి 1 నుండి సెకన్లను లెక్కించు 32 బిట్ల గడియారము 2038 జనవరి 19న నిండిపోవును. డెబియన్ 13వ సంచిక (2025) తాను నిలుపుకొన్న ఇతర 32 బిట్ల జాతులకు 64 బిట్ల కాలగణనము నిచ్చి, ఇంటెల్ 32 బిట్లను మాత్రము యథాతథముగా ఉంచినది. మార్చినచో పాత ప్రోగ్రాములు చెడును. ఇది న్యాయమైన నిర్ణయమే గాని, ఆ ప్రోగ్రాములకు గడువును కూడ నిర్ణయించినది.

పాఠశాలలు ఈ గడువును సద్వినియోగము చేసికొనవలెను. 'ఫైల్' అను ఆజ్ఞ ఒక ప్రోగ్రాము ఎన్ని బిట్లదో తెలుపును. దానితో విద్యార్థులు తమ ప్రయోగశాలలోని 32 బిట్ల ప్రోగ్రాముల జాబితా వ్రాయవచ్చును. ఉపాధ్యాయులు పాత ప్రశ్నపత్రములను, పాఠములను యూనికోడులోనికి మార్చి భద్రపరుపవచ్చును. వాటిని తెరువగల ప్రోగ్రాము నడచుచుండగనే ఈ పని పూర్తి కావలెను.