నీరు పిండి, రుచి నింపి

తాష్కెంట్‌లోని కూయ్‌లుక్ బజారులో కొరియన్ సలాడ్లు అమ్మే వరస ఒకటుంది. సన్నగా తురిమిన క్యారెట్, ఊరబెట్టిన క్యాబేజీ, వాటి పక్కనే నూనెతో నిగనిగలాడుతూ వంకాయ. కజకిస్తాన్‌కీ ఉజ్బెకిస్తాన్‌కీ వైద్యవిద్యకి వెళ్ళిన మన పిల్లలు అక్కడి బజార్లలో దీన్ని చూసే ఉంటారు. ఇది కొర్యో-సారమ్‌ల వంట, అంటే పాత సోవియట్ నేల మీద స్థిరపడిన కొరియన్లది. 1937లో స్టాలిన్ ప్రభుత్వం దేశానికి తూర్పు కొసన ఉంటున్న సుమారు 1,70,000 మంది కొరియన్లని రైళ్ళెక్కించి మధ్య ఆసియాకి తరలించింది. తమ ఊరగాయ కిమ్చీకి వాడే క్యాబేజీ అప్పట్లో అక్కడ దొరకలేదు. దొరికిన క్యారెట్‌నీ వంకాయనీ, స్థానికులు వాడే ధనియాలనీ తీసుకుని తమకి తెలిసిన పద్ధతిలో ఊరబెట్టుకున్నారు. వంకాయతో చేసినదాన్ని కదిచా అంటారు. సియోల్ ఇళ్ళలో వంకాయని ఆవిరి మీద మెత్తబరిచి, చేత్తో నిలువుగా చీల్చి, సోయా సాస్, నువ్వుల నూనె కలుపుతారు. దాని పేరు గాజినాముల్. అదీ రుచే. కానీ పనితనం చూడాలంటే కదిచా దగ్గరే ఆగాలి.

ఈ సలాడ్ అంతా ఒక్క ఆలోచన మీద నిలబడింది. కూరగాయలోని నీటిని ముందు బయటికి రప్పించాలి. అప్పుడే పులుపుకీ కారానికీ లోపల చోటు దొరుకుతుంది.

అరకిలో పొడుగు వంకాయలు తీసుకోండి. తొక్క మెరుస్తూ, ముచిక పచ్చగా, గింజ ముదరకుండా ఉండాలి. తొక్క తీయకండి. కాయని నిలువుగా నాలుగు చేసి, ఒక్కో ముక్కని మళ్ళీ చిటికెనవేలంత మందాన పుల్లల్లా కోయాలి. కత్తి ఎటు తిప్పినా ప్రతి పుల్లకీ ఒక పక్క ఊదారంగు తొక్క మిగలడం ముఖ్యం. వంకాయ కండ ఉడికితే చితికిపోతుంది, తొక్క చితకదు. వేగేటప్పుడూ, కలిపేటప్పుడూ, రాత్రంతా పులుపులో నానేటప్పుడూ పుల్లని పుల్లగా పట్టి ఉంచేది ఆ సన్నటి అంచే.

కోసిన వంకాయల్ని మనం ఉప్పునీళ్ళలో వేస్తాం, నల్లబడకుండా. ఇక్కడ నీళ్ళుండవు. రెండు చెంచాల పొడి ఉప్పు చల్లి, చిల్లుల గిన్నెలో అరగంట వదిలేస్తారు. పచ్చి వంకాయ కండ ఒక స్పంజి. కణాల్లో నీరు, కణాల మధ్య గాలి. అలాగే మూకుట్లో వేస్తే ఆ గాలి ఉన్న చోటికల్లా నూనె చేరుతుంది, ఎంత పోసినా చాలదు. ఉప్పు పడితే కణాల్లోని నీరు బయటికొస్తుంది, గోడలు మెత్తబడి కుంగుతాయి, గాలి గదులు మూసుకుపోతాయి. అరగంట తరవాత గిన్నె అడుగున గోధుమరంగు నీరు చేరి ఉంటుంది. కనరు కొంత అందులో పోతుంది, ఉప్పు కూడా చాలావరకు పోతుంది. పుల్లల్ని గుప్పెడు గుప్పెడు తీసి గట్టిగా పిండాలి. పిండిన పుల్లని వంచి చూడండి. పచ్చిగా ఉన్నప్పుడు విరిగేది ఇప్పుడు వంగుతుంది. అలా వంగేదాకా మూకుడు జోలికి పోకూడదు.

వెడల్పాటి బాణలిలో కొద్ది నూనె, పెద్ద మంట, రెండు వాయిలు. ఒకేసారి గుట్టగా పోస్తే మిగిలిన తేమతో ఉడుకుతాయి తప్ప వేగవు. అంచులు ఎర్రబడి, మధ్య భాగం వెన్నలా మెత్తబడగానే దించేయాలి. వేడివేడిగానే వెడల్పాటి గిన్నెలోకి తీయాలి, ఎందుకంటే చల్లారుతున్న వంకాయ చుట్టూ ఉన్న రసాన్ని బాగా పీలుస్తుంది.

క్యారెట్‌ది వేరే దారి. దానికి నిప్పు తగలదు. రెండు క్యారెట్లని సన్నటి పొడుగు దారాల్లా తరిగి, చిటికెడు ఉప్పు, చెంచా చక్కెర వేసి చేత్తో నలపాలి. రెండు నిమిషాల్లో దారాలు మెత్తబడి తడి వదులుతాయి, కరకర మాత్రం పోదు. క్యాప్సికం ఒకటి సన్నగా చీరి పచ్చిగానే వేస్తారు. దానికి ఇంకే సేవా అక్కర్లేదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. వంకాయ మీద క్యారెట్, క్యాప్సికం పరిచి, నడిమధ్యన ఒక కుప్ప పోస్తారు: నూరిన వెల్లుల్లి అయిదు రెబ్బలు, బరకగా దంచిన ధనియాలు ఒక చెంచా, ఎండుమిరప పొడి ఒక చెంచా. గుంటూరు కారమైతే అందులో సగం చాలు. వేరే గిన్నెలో నాలుగు పెద్ద చెంచాల నూనె కాచి, ఉల్లిపాయ చీలికలు ఎర్రగా వేయించి తీసేస్తారు. వాటి వాసన నూనెలో మిగులుతుంది. ఆ నూనెని కుప్ప మీద పోస్తారు. మన తాలింపులో దినుసులు నూనెలోకి వెళ్తాయి, ఇక్కడ నూనె దినుసుల మీదికి వస్తుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది, ఫలితం పెద్దది. పొయ్యి దిగిన నూనె వేడి ప్రతి క్షణం తగ్గుతూనే ఉంటుంది కాబట్టి కారం మాడే లోపే చల్లబడుతుంది. ఆ కాస్త వ్యవధిలో వెల్లుల్లి పచ్చివాసన పోతుంది, ధనియాలు ఘుమ్మంటాయి, మిరప ఎరుపూ ఘాటూ నూనెలోకి దిగుతాయి. అవి రెండూ నూనెలో కరిగేవే, నీటిలో అంతగా కరగవు. నూనె సరిగ్గా కాగిందో లేదో తెలియాలంటే ముందు చిటికెడు కారం వేసి చూడండి. నురగలు కక్కాలి, ఎరుపు మారకూడదు.

వెనిగర్, సోయా సాస్ ఆ తరవాతే. ముందే పోస్తే కుప్ప తడిసిపోతుంది, నూనె చిటపటమని చిమ్ముతుంది, దాని వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయి దినుసులు వేగవు. ఈ వరస తప్పకపోవడంలోనే వంట తెలిసినవాళ్ళ చేయి కనిపిస్తుంది. సోయా సాస్ రెండు పెద్ద చెంచాలు. వెనిగర్ దగ్గర మాత్రం లెక్క మార్చుకోవాలి. అక్కడి వంటల్లో చెప్పేది 9 శాతం వెనిగర్, మన కొట్లలో దొరికేది సాధారణంగా 4 శాతం దగ్గర ఉంటుంది. అక్కడ ఒకటిన్నర పెద్ద చెంచా అంటే మనకి దాదాపు మూడున్నర. ఉప్పు రుచి చూశాకే వేయండి. వంకాయలోనూ సోయాలోనూ ఇప్పటికే ఉంది.

అన్నీ కింది నుంచి పైకి తిప్పుతూ కలిపి, కొత్తిమీర, వేయించిన నువ్వులు చల్లి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. గంటకి తింటే వంకాయ వంకాయలా, పులుపు పులుపులా విడివిడిగా తగులుతాయి. అయిదారు గంటలు దాటాక పులుపు కండ లోపలికి చేరుతుంది, క్యారెట్ తీపి రసంలో కలుస్తుంది, వెల్లుల్లి మెత్తబడుతుంది. మూడు రోజులు నిలవుంటుంది. వేడి అన్నంలోకి చల్లగా వడ్డించాలి.

చేసిన రోజు బాగుంటుంది, మర్నాడు ఇంకా బాగుంటుంది. ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళుంటే ముందురోజు సాయంత్రమే చేసి పెట్టుకోండి.