బయటి తిండి లోపలికి రాదండి

ఈ వారం నా కోపమంతా ఒక బోర్డు మీద. పేరుపాలెం బీచ్ దగ్గర మేం దిగిన రిసార్టు గేటుకి వేలాడుతోంది: ‘బయటి ఆహారం లోపలికి అనుమతించబడదు’. సినిమా హాల్లో అయితే సరే, వాళ్ల బతుకు పాప్‌కార్న్ మీద. సరుగుడు తోటల పక్కన, అలల చప్పుడు వినపడే చోట, చేపల దేశంలో ఈ బోర్డేమిటి? మా కారు డిక్కీలో థర్మాకోల్ పెట్టె ఉంది. అందులో ఐసు మధ్య, తెల్లారగట్ల కైకలూరులో బేరమాడి కొన్న బొచ్చెలు. గూడెం నుంచి వచ్చిన మిత్రుడు ఊరి పరువు నిలబెట్టాలని ఉల్లిపాయల బస్తా వేసుకొచ్చాడు. తాడేపల్లిగూడెం మార్కెట్ ఊరిలో పుట్టినవాడు ఉల్లిపాయలు లేకుండా పెళ్లికి కూడా వెళ్లడు.

"ఆయ్, లోపలికి రాదండి" అన్నాడు గేటు కుర్రాడు.

"ఇది ఆహారం కాదు తమ్ముడూ, ఇంకా చేపే" అని మా ప్లీడరు మిత్రుడు వాదన లేవదీశాడు. కుర్రాడు నవ్వాడుగానీ గేటు తియ్యలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా చాదస్తాలు కొత్త కాదు. చేపల పులుసులో గరిటె పెట్టకూడదు, గిన్నె చెవులు పట్టుకుని తిప్పాలి. పులుసు వండిన రోజు వాసన చూడాలి, మర్నాడు తినాలి. సముద్రపు ఒడ్డున కూర్చుని గోబీ మంచూరియా తినేవాళ్ల మీద ప్రభుత్వం పన్ను వెయ్యాలి. ఇక కొల్లేరు ఊసెత్తకుండా నేను ఒక్క వారమైనా రాస్తానేమోనని చూసేవాళ్లు ఇంకొన్నాళ్లు ఓపిక పట్టాలి.

ఎందుకంటే, మా ఏలూరువాళ్లకి విహారమంటే మొదట కొల్లేరే. సముద్రం తర్వాత. మా అత్తయ్యది ఒక లంక ఊరు. దసరా సెలవులకి వెళితే ఇంటి దాకా పడవే. వెదురు గడ నీళ్లలో దించి, దాని మీద ఒళ్లంతా వేసి తోస్తూ నడిచేవాడు మావయ్య. గడ పైకి తీసినప్పుడల్లా దాని చివర నల్లటి బురద, ఆ బురదకో వాసన. పొద్దున్నే మావులు ఎత్తడానికి వెళ్లేవాళ్లం. వెదురు పుల్లలతో అల్లిన ఆ బోనులో ఏం పడిందో పైకి తీసేదాకా తెలియదు. ఒకరోజు జెల్లలు, ఒకరోజు ఇంగిలాయిలు, అదృష్టం బాగుంటే కొర్రమేను. పడిందేదో దాన్నిబట్టే ఆ పూట కూర. ‘ఏం వండమంటారు’ అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఆకాశంలో గూడబాతులు, నీళ్లలో మేము. రిసార్టువాళ్లు ఇప్పుడు ఏ ‘అనుభవం’ పేరుతో డబ్బులు తీసుకుంటున్నారో అది అప్పట్లో చుట్టరికం మీద దొరికేది.

తర్వాత లంకల చుట్టూ చెరువుల గట్లు లేచాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో అయిదో కాంటూరు లోపల ఉన్న గట్లను పేల్చి తెంచారు. ఆ రోజుల్లో ఎవరు బాగుపడ్డారు, ఎవరు చితికిపోయారు అన్నది వేరే కాలమ్, రాశాను కూడా. ఇవాళ ఆటపాకలో గూడబాతులు అటవీశాఖ పాతిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటున్నాయి. చెరువుల్లోంచి బొచ్చె, శీలావతి లారీలెక్కి హౌరా దాకా పోతున్నాయి. కొర్రమేను దొరికితే ధర అడగడానికి జంకుతున్నాం.

ఇక 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు అన్నదమ్ముల పంపకంలా కొల్లేరు మా ఏలూరు వాటాకి వచ్చింది, సముద్రం భీమవరం వాళ్లకి పోయింది. ఉమ్మడి పశ్చిమ గోదావరికి ఉన్న తీరమే 19 కిలోమీటర్లు. అదీ మాది కాదిప్పుడు. అందుకే ఎడ్లగాడి వంతెన దాటి, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా మొగల్తూరు దారి పట్టినప్పుడల్లా నాకు చుట్టాలింటికి వెళుతున్నట్టే ఉంటుంది. చుట్టాలింటికి ఎవరైనా చేతులూపుకుంటూ వెళతారా? అందుకే ఆ చేపల పెట్టె.

గేటు దగ్గర పంచాయితీ తెగలేదుగానీ మేనేజరు వచ్చి దారి చెప్పాడు. పెట్టె వంటగదికి ఇచ్చేస్తే వండి పెడతారు, వంట చార్జీ వేరే. నాకు నచ్చలేదు. గిన్నె తిప్పడం రాని ఏ హోటల్ కుర్రాడి చేతిలోనో మా బొచ్చెలు పడతాయని దిగులు. మా బ్యాచ్‌లో మరొకడి బాధ వేరు. సి.ఆర్.రెడ్డి కాలేజీ రోజుల నుంచీ వాడింతే. "ఒరేయ్, బీచ్‌కొచ్చి చెరువు చేపేంట్రా? వంజరం తిందాం, చందువా తిందాం."

ఆ మాటకి వంటాయన పెట్టె మూత తీస్తూనే జవాబిచ్చాడు. "వేట లేదు కదండీ." నిజమే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకీ ఇంజను పడవలకీ నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. జూన్ ఒకటిన పడమటి తీరంలోనూ మొదలవుతుంది కాబట్టి ఈ పక్షం రోజులూ దేశానికి రెండు వైపులా మరబోట్లు ఒడ్డునే. తెడ్డు పడవలకి మినహాయింపు ఉన్నా వాళ్లు తెచ్చేది ఊరికే చాలదు. ఈ రోజుల్లో తాజా వంజరం అని ఎవరైనా వడ్డిస్తే ఆ తాజాదనం ఐసు పెట్టెలో ఎన్నాళ్లుందో అడగాలి.

చెరువు చేప సముద్రానికి పరాయిదని మాత్రం ఎలా అంటాం? బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే నీళ్లని కొల్లేరు సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా ఈ బంగాళాఖాతంలోకే వదులుతుంది. ఎండల్లో సముద్రం ఆ ఏటినే ఎగదన్ని ఉప్పునీళ్లు వెనక్కి పంపుతుంది.

వంటాయనది ఆకివీడు వైపు పల్లె. చెవి రెక్క ఎత్తి లోపలి ఎరుపు చూశాడు, బొటనవేలితో వీపు నొక్కాడు, గుంట పడలేదు. ఉప్పు, పసుపు వేసి జిగురు పోయేదాకా రుద్దాడు. "మామిడికాయ రోజులు కదండీ, నాలుగు ముక్కలేసి చింతపండు తగ్గిస్తాను" అన్నాడు. ఉల్లిపాయలు మేం కోస్తామని ముందుకొస్తే బయట వేసిన కుర్చీలు చూపించాడు. పులుసు ఉడుకు పట్టాక గిన్నెని గుడ్డతో పట్టుకుని తిప్పాడు. గరిటె ముట్టలేదు. తర్వాత తల బయటపెట్టి అడిగాడు: "తలకాయలు ఎవరికండీ?" అన్ని చేతులూ లేచాయి.

ఆ కుర్చీలోంచే నేనొకటి చూశాను. మా ఇళ్ల ఆడవాళ్లు నీళ్లలో ఉన్నారు, చీరలు మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, ఒకరినొకరు లాక్కుంటూ. అక్కడి అలలకి లాగే గుణం ఎక్కువ, మోకాలు దాటొద్దని ఈలలు వినపడుతూనే ఉన్నాయి. చీకటి పడేదాకా ఎవరూ ఒడ్డెక్కలేదు. కార్తీకమాసంలో కిరసనాయిలు స్టవ్వులూ గిన్నెలూ మోసుకుని ఇదే ఒడ్డుకి వచ్చిన రోజుల్లో వీళ్లు సముద్రం చూసింది ఎప్పుడు? గాలికి ఆరిపోయే స్టవ్వుని అట్టముక్కతో కాస్తూ, అన్నంలో ఇసక పడకుండా చీర అడ్డం పెడుతూ, సముద్రానికి వీపు చేసి కూర్చునేవాళ్లు. మేం మగవాళ్లం ఆ రోజుల్ని ‘మన వంట మనమే చేసుకున్న రోజులు’ అని చెప్పుకుంటాం. ‘మనం’ అంటే ఎవరో చెప్పం. లంకలోనూ అంతే. మావు ఎత్తిన సరదా మాది, ఆ జెల్లల ముళ్లు గుచ్చుకున్న వేళ్లు అత్తయ్యవి.

కాబట్టి ఆ బోర్డు ఉండనివ్వండి. స్టవ్వూ గిన్నెలూ లోపలికి రానివ్వకండి. దాని కింద ఇంకో పలక మాత్రం పెట్టండి: ఇవాళ ఏం చేప ఉంది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎప్పుడు పట్టారు. అంతమాత్రం చెప్పలేని వంటగదికి బఫేలో గోబీ మంచూరియా పెట్టడమే తగిన శిక్ష, పాపం అది మనమే తినాలి.

ఈ నెలలో తీరానికి వెళ్లేవాళ్లకి ఒక మాట. 14వ తేదీ దాకా వంజరం అడగొద్దు, ఆ అర్ధరాత్రి దాటాక గానీ బోట్లు కదలవు. ముందురోజే ఫోన్ చేసి మామిడికాయ వేసిన బొచ్చె పులుసు కావాలని చెప్పండి, కాస్త ఎక్కువే వండమనండి. గదిలో ఫ్రిజ్ ఉంటుంది, మర్నాటికి దాచుకోండి.