తులసీ చక్రవర్తి నటన

నాటకం ముద్రణలో నిలుస్తుంది. నటన తెరతోపాటు దిగిపోతుంది. అందుచేత రంగస్థల చరిత్ర వ్రాసేవారికి నాటకకర్తల పేర్లు, నాయక పాత్రధారుల పేర్లు దొరికినంత సులభంగా తక్కిన నటుల కృషి దొరకదు. గుమాస్తా, బంటు, పంతులు, పూటకూళ్ల యజమాని, ఇటువంటివారు లేనిదే కథ నడవదు. కథ ముగిసిన తరువాత వారిని తలచుకునేవారు అరుదు. సినిమా వచ్చిన తరువాత ఈ లోటు కొంతవరకు తీరింది. వంగదేశపు నటుడు తులసీ చక్రవర్తి (1899-1961) విషయంలో ఆ మేలు స్పష్టంగా కనిపిస్తున్నది. ఆయన రంగస్థల జీవితం నేడు మనకు అందదు. అది ఆయనకు నేర్పిన విద్య మాత్రం చలనచిత్రాలలో భద్రంగా ఉన్నది.

ఆయన నదియా జిల్లాలో కృష్ణనగర ప్రాంతాన జన్మించినాడు. పెదతండ్రి కలకత్తాలోని స్టార్ థియేటరు వాద్యబృందంలో ఉండేవాడు. ఆ రంగశాల పక్క తెరల చాటున నిలిచి చూడడమే బాలుని మొదటి చదువు. నడుమ సర్కసు వారి వెంట బర్మా వెళ్లినాడనీ, తిరిగివచ్చి ముద్రణాలయంలో నాటకాల ప్రకటన పత్రాలకు అక్షరాలు కూర్చినాడనీ చెప్పుదురు. 1920 ప్రాంతంలో అపరేశచంద్ర ముఖోపాధ్యాయుని ప్రాపున ఆయన స్టార్ రంగస్థలం మీద అడుగుపెట్టినాడు.

ఆనాటి వంగ నాటకశాల నటుని నుండి ఒక్క అభినయమే ఆశించేది కాదు. పాట రావాలి, తాళం తెలియాలి, నృత్యానికి అడుగు కలపగలగాలి. చివరి బల్లమీది ప్రేక్షకునికి మాట వినిపించాలి. అందులోనూ చిన్న వేషగానికి ఒక చిక్కు ఉన్నది. నాయకునికి మూడు గంటలు ఉంటే ఇతనికి మూడు నిమిషాలే ఉంటాయి. పరిచయం, స్వభావం, నిష్క్రమణ అన్నీ ఆ మూడు నిమిషాలలోనే ముగియాలి. ప్రవేశించే నడకలోనే మనిషి వృత్తి, వయస్సు, జేబులోని డబ్బు తెలియాలి. తులసీ చక్రవర్తి సాధించినది ఈ క్లుప్తత.

1932లో ‘పునర్జన్మ’తో ఆయన సినిమాలోకి వచ్చినాడు. ఆ తరువాత నటించిన చిత్రాలు మూడువందలకు పైబడినవని లెక్క. వీటిలో అధికభాగం ఒకటి రెండు దృశ్యాల వేషాలే. 1953లో నిర్మల్ దే తీసిన ‘షారే చుయాత్తర్’ ఇందుకు మినహాయింపు. ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్ తొలిసారి జంటగా కనిపించిన చిత్రమని దానికి పేరు. కాని చిత్రపు బరువు మోసినది వసతిగృహ యజమాని రజనీబాబు, ఆయన భార్య. ఎవరికో వ్రాసిన ప్రేమలేఖ తన భర్తకు వచ్చినదని ఆ ఇల్లాలు అనుమానిస్తుంది. మలినాదేవితో తులసీ చక్రవర్తి నడిపిన ఆ దృశ్యాలలో హాస్యం మాటలలో లేదు. ఏళ్ల తరబడి కాపురం చేసినవారికి ఒకరి చూపు ఒకరికి అర్థమయ్యే తీరులో ఉన్నది. యువజంట ప్రేమకంటె ఈ నడివయస్సు దంపతుల చెలిమి ఎక్కువగా మనస్సున నిలవడం ఆ నటుల గెలుపు.

‘పథేర్ పాంచాలి’ (1955)లో ఆయనది గ్రామ పాఠశాల పంతులు పాత్ర. ఆ పంతులే పచారీ దుకాణదారు కూడ. ఒక చేత బెత్తం, ఒక చేత తరాజు; నోట పాఠం, నడుమ బేరం. సత్యజిత్ రాయ్ ఈ దృశ్యాన్ని కొద్ది నిమిషాలలో ముగించినాడు. ఇక్కడ తులసీ చక్రవర్తి పంతులును క్రూరునిగా చూపలేదు, విదూషకునిగానూ దించలేదు. రెండు పనులు చేసినా కడుపు నిండని మనిషి విసుగే ఆ బెత్తంలో పలికింది. అందుకే అపూతోపాటు ప్రేక్షకుడు నవ్వబోయి, వెంటనే భయపడతాడు.

అరువదవ యేడు సమీపిస్తూండగా ఆయనకు నాయక పాత్ర లభించింది. పరశురాముడనే కలంపేరు గల రాజశేఖర బసు కథ ఆధారంగా రాయ్ తీసిన ‘పరశ్ పాథర్’ (1958)లో పరేశచంద్ర దత్త ఒక బ్యాంకు గుమాస్తా. ఉద్యోగం పోనున్న దినాలలో ఆయనకు స్పర్శవేది దొరుకుతుంది. ఇనుము బంగారమవుతుంది, గుమాస్తా ధనికుడవుతాడు. ఈ మార్పును చూపడానికి వేరొక నటుడు కంఠం, నడక సర్వం మార్చివేసేవాడు. తులసీ చక్రవర్తి ఏమీ మార్చలేదు. కొత్త దుస్తులలోనూ పాత గుమాస్తా భుజాలే ఉన్నవి. కొత్త కారులోనూ, ఎవరో వచ్చి దిగిపొమ్మంటారేమోననే బెదురు ఉన్నది. విందు దృశ్యంలో ఛబి విశ్వాస్, పహాడీ సన్యాల్, కమల్ మిత్ర వంటి ప్రసిద్ధులు అతిథులుగా ఊరక కనిపించి పోతారు. ఏళ్ల తరబడి వారి చిత్రాలలో మూలన నిలిచిన నటుడు అక్కడ నడుమ నిలిచినాడు. మత్తులో గౌరవం కోసం తహతహలాడే పరేశబాబును చూచి నవ్వు వస్తుంది. ఆ నవ్వు వెనుక మనకే సిగ్గు కలుగుతుంది. చివరకు బంగారం ఇనుమైనప్పుడు ఆయన ముఖాన కనిపించేది నష్టం కాదు, బరువు దించుకున్న కూలివాని నెమ్మది.

ఆయన నటనలో దోషాలు లేవనరాదు. రంగస్థలపు అలవాటుచేత కనుగ్రుడ్లు త్రిప్పడం, అవసరానికి మించి ఆశ్చర్యపడడం అనేక సాధారణ చిత్రాలలో యాంత్రికంగా మారినవి. దర్శకుడు అదే అడిగితే ఆయన అదే ఇచ్చినాడు. ఆ విప్పారిన కన్నులనే రాయ్ సరియైన చోట, సరియైన కొలతలో నిలిపినప్పుడు అవి ఒక వర్గం ఆశనిరాశలకు ప్రతీకలైనవి. లోపం పనిముట్టులో లేదు, దానిని వాడిన చేతులలో ఉన్నదని ఇందువల్ల తెలుస్తుంది.

1961 డిసెంబరులో ఆయన మరణించినాడు. హౌరాలో సామాన్య గృహస్థుగా బ్రతికిన ఆ నటునికి కీర్తికి తగిన కలిమి ఏనాడూ దక్కలేదు. నాయక పాత్ర ఆయనను గొప్ప నటునిగా చేసినదనడం సగం సత్యమే. మూడు నిమిషాలలో ఒక మనిషిని నిలపగలిగిన శక్తియే రెండు గంటల చిత్రాన్ని కూడ మోసింది. చిన్న పాత్ర అనేది నిడివిని గురించిన మాట. దానిని నటుని విలువకు కొలతగా వాడుకోవడం మన విమర్శ చేసిన పొరపాటు.